పెద్దమ్మ అగ్గి అడిగిన ఎండాకాలం

నా చిన్నప్పుడు, ఒక సోమవారం ఉదయం ఏడుంబావుకు మా నాన్న కిరసనాయిలు స్టవ్ మీద టీ కాచి, రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి నాకిచ్చాడు. నారాయణఖేడ్ నుంచి కంగ్టి వెళ్లే దారిలో ఉన్న మా తాతల ఊళ్లో మాకది మొదటి ఉదయం. అమ్మ అంతకుముందు చలికాలంలోనే పోయింది. హైదరాబాదులో ఆమె తిరిగిన ఇంట్లో ఉండలేక నాన్న నారాయణఖేడ్ ఆఫీసుకు బదిలీ అడిగి తీసుకున్నాడు.

ఉండడానికి మాకు మిగిలింది ఏళ్లుగా తాళం వేసి ఉన్న ఒక మట్టి మిద్దె. ముందుగది కప్పు కూలిపోయింది. వెనక రెండు గదులే నిలబడి ఉన్నాయి. వాటిలోనూ దూలాల సందుల నుంచి రోజంతా మట్టి రాలేది. గిన్నె మీద మూత తీస్తే అన్నంలో పడేది.

నాన్న ఎనిమిదింటి బస్సుకు వెళితే మళ్లీ పొద్దుగూకే వేళకు వచ్చేవాడు. బడులు ఇంకా తెరవలేదు. నాకు పదకొండేళ్లు. ఒక్కదానివి ఉండలేకపోతే చెప్పు, పట్నంలో మేనత్త దగ్గర ఉండి చదువుకుందువు అని సామాన్లు దించిన రోజే ఆయన అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ అమ్మ లేదు, ఇక నాన్న కూడా వేరే ఊళ్లో ఉంటే నాకు ఎవరూ ఉండరనిపించింది. అందుకని ఆయన ఎప్పుడు అడిగినా బాగానే ఉందనేదాన్ని. ఆయన బస్సెక్కగానే తలుపుకు గడియ పెట్టి, గోడకు ఆనుకుని, మట్టి రాలే చప్పుడు వింటూ కూర్చునేదాన్ని.

ఆ ఊళ్లో పొద్దున్నే ప్రతి ఇంటి మీదా పొగ లేచేది. మా స్టవ్‌కు పొగ రాదు. దాని గురించి మేం ఆలోచించలేదు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టుపక్కల వాళ్లే తిండి పంపుతారు. అమ్మ సంగతి తెలిసిన ఊరివాళ్లు మా ఇంటి మీద పొగ లేకపోవడం చూసి, అమ్మ పోయి నెలలైనా మేమింకా పొయ్యి వెలిగించలేదనుకున్నారు. పక్కింటి పెద్దమ్మ జొన్నరొట్టెలూ పప్పూ తెచ్చింది. నాన్న మర్యాదగానే మాట్లాడి, స్టవ్ చూపించి, వండుకున్నామని చెప్పి గిన్నె తిరిగి ఇచ్చేశాడు. ఎవరికీ భారం కాకూడదని ఆయన ఉద్దేశం. మాకు తమతో పనిలేదని ఊరివాళ్లు అనుకున్నారు. ఆ తర్వాత మా తలుపు ఎవరూ తట్టలేదు.

కొన్నాళ్లకు ఒక ఉదయం, నాన్న బస్సెక్కాక, పెద్దమ్మే మళ్లీ వచ్చింది. ఆమె ఆదివారం చర్చికి, పనులున్న రోజుల్లో కూలికి వెళ్లే మనిషి. చేతిలో పిడక ముక్క ఉంది.

"జర అగ్గి ఇస్తవా బిడ్డా? మా పొయ్యి ఆరిపోయింది."

నేను అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చాను. ఆమె తీసుకోలేదు.

"గా పెట్టె నాకెందుకు? పిడక మీద ఇంత నిప్పు పెట్టియ్యి. మీ నాయనమ్మ గట్లనే ఇచ్చేది."

మా ఇంట్లో పొయ్యి లేదన్నాను. ఉందని చెప్పి ఆమె వంటగది మూలకు నడిచింది. ఏళ్లుగా రాలిన మట్టి కింద నుంచి మేమిద్దరం దాన్ని బయటికి తీశాం. ఆమె బంకమట్టి కలిపి పగుళ్లు పూడ్చి, అలికింది. మర్నాడు ఒక మోపు కందికట్టె తెచ్చి పడేసి, ఎలా పేర్చాలో, ఎక్కడ ఊదాలో చూపించింది. రేపటి నుంచి తనకు అగ్గి నేనే ఇవ్వాలని చెప్పింది. పొగకు నా కళ్ల నుంచి నీళ్లు కారాయి. పొయ్యి ముందు కూర్చుని ఏడిస్తే ఎవరూ కారణం అడగరని ఆ రోజు తెలిసింది.

ఇక రోజూ వచ్చేది. నిప్పు రాజుకునేదాకా గడప మీద కూర్చునేది. నేను మాట్లాడేదాన్ని కాదు.

"నీ పొయ్యి గూడ నీ లెక్కనే ఉన్నది, ఎంత ఊదినా నోరు తెరువది" అని ఒకసారి అంది. నేను నవ్వాను. ఆ ఇంట్లో నేను నవ్వడం అదే మొదలు.

ఒక ఉదయం ఆమె రాలేదు. నిప్పులు బూడిదవుతున్నాయి. ఆమె ఇంట్లో వంట ఆగిపోయి ఉంటుందని నాకు కంగారు పుట్టింది. పిడక మీద నిప్పు పెట్టుకుని, గడియ తీసి, మొదటిసారి ఆ ఊళ్లో ఇంకొకరి గడప తొక్కాను. లోపల ఆమె పొయ్యి భగభగ మండుతోంది. పెనం మీద రొట్టె ఉంది.

"నీ పొయ్యి మండుతూనే ఉంది కదా పెద్దమ్మా?"

ఆమె రొట్టె తిరగేసింది.

"రోజు మండుతనే ఉంటది. ఒక్కదానివి భయమైతుందా అని అడిగితే చెప్తుంటివా? చెప్పకపోతుంటివి. గందుకే అగ్గి అడిగిన."

రొట్టె పెనం మీంచి దించి మళ్లీ అంది. "ఇయ్యాల నువ్వే వస్తవా రావా అని జూసిన. ఇగ కూసో. రొట్టె తిను."

ఆ సాయంత్రం నాన్నకు అంతా చెప్పాను. ఇన్నాళ్లూ భయపడ్డానని, ఇకమీదట భయమేస్తే పెద్దమ్మ ఇంటికి వెళతానని, అత్త దగ్గరికి పంపవద్దని. ఆయన, పెద్దమ్మ నాతో పంపిన గిన్నె మూత తీసి రొట్టె తుంచాడు. మర్నాడు ఆ గిన్నె కడిగి, ఖాళీగా ఇవ్వకూడదని దోసెడు చక్కెర పోసి, తనే తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. అత్త మాట మళ్లీ ఎత్తలేదు. బడులు తెరిచాక నన్ను ఆ ఊళ్లోనే చేర్చాడు.

ఇన్నేళ్ల తర్వాత, మా ఆయన పోయినప్పటి నుంచి నాకు చాలామంది ఫోన్ చేస్తున్నారు. ఎలా ఉన్నావని అడుగుతారు. బాగానే ఉన్నానంటాను. వాళ్ల తప్పేమీ లేదు, ఆ ప్రశ్నకు ఇంకో జవాబు చెప్పడం నాకు ఇప్పటికీ రాదు. అందుకే చావు జరిగిన ఇంటికి వెళితే నేను ఆ మాట అడగను. రెండు రెబ్బలు కరివేపాకు అడుగుతాను, లేకపోతే సూదిలోకి దారం ఎక్కించి పెట్టమంటాను. ఇవ్వడానికి లేచిన మనిషి ఆ కాసేపైనా లేచి ఉంటుంది.

ఆ ఊళ్లో ఇప్పుడు ఇంటింటికీ గ్యాసు ఉంది. అగ్గి అడగడానికి ఎవరూ ఎవరింటికీ వెళ్లరు.