కుప్పలోంచి లేచేవాడు

మా అల్లుడి ఎడమ చెవి నూనెలో ముద్దకట్టిపోయిన వడలా ఉంటుంది. పెళ్లికి ముందు మా అమ్మాయి ఫోన్లో అతని ఫొటో చూపిస్తే నేను మనిషి ఎత్తు చూడలేదు, రంగు చూడలేదు, ఆ చెవే చూశాను.

"ఎవరు కొట్టారే అలాగ?"

"ఎవరూ కొట్టలేదమ్మా. ఆటలో అలా అవుతుంది. రగ్బీ ఆడతాడు."

"మరి ఉద్యోగం?"

"అదే ఉద్యోగం."

ఆడినందుకు జీతమిచ్చేది క్రికెట్ వాళ్లకే అనుకునేదాన్ని. ఇతనిది పసిఫిక్ సముద్రంలో ఏదో దీవి. చిన్నప్పుడే అమెరికా వచ్చేశాడు. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు గుమ్మంలో తల వంచి లోపలికొచ్చి, చెప్పులు విప్పి, ఎవరూ చెప్పకుండానే నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వాళ్ల దీవిలో కూడా పెద్దల ముందు అలాగే కూర్చుంటారట. నా బెంగ సగం అక్కడే పోయింది. మిగతా సగం అన్నం దగ్గర పోయింది. ఆవకాయ అన్నం అలా తినే మనిషిని నేను మళ్లీ చూడలేదు. వచ్చిన తెలుగు మాటలు మూడే: "అత్తయ్యా", "ఇంకొంచెం", "బాగుంది."

పెళ్లయ్యాక అమెరికాలో, వాళ్లుండే షామ్‌బర్గ్ ఊళ్లో నేనూ వాళ్ల దగ్గరే ఉండిపోయాను. ఒకరోజు అతను వంటింటి గట్టుమీద ఉల్లిపాయలు రెండు గుంపులుగా పేర్చి నాకు ఆట చెప్పాడు. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది, తలలు ఒకరి భుజాల కింద ఒకరు దూర్చి నెట్టుకుంటారు. మావాడిది ముందు వరస. వెనకవాళ్ల బలమంతా అతని మెడ మీదుగానే అవతలికి పోవాలి.

"అంటే పందిరికి గుంజలాంటి వాడన్నమాట," అన్నాను.

మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది. అతను ఉల్లిపాయలు వదిలేసి పడీపడీ నవ్వాడు. ఆ తర్వాత వారమంతా తన ఛాతీ చూపించుకుంటూ "గుంజ, గుంజ" అని తిరిగాడు.

అతనికి ఒక్కటే కొరత. జట్టులో ఉన్నన్నేళ్లూ ఆట మొదలయ్యేటప్పుడు బెంచీ మీదే కూర్చున్నాడు. ఆ చోట మొదట ఆడేవాడు అలిసిపోయాక, ఆఖర్లో కాసేపు ఇతన్ని దింపేవారు. ఆటలు లేని నెలల్లో ఇళ్లు మారేవాళ్ల సోఫాలూ ఫ్రిజ్‌లూ మోసేవాడు. దానికి బాధపడేవాడు కాదు. కానీ ఆట మొదలుపెట్టే ఈల బెంచీ మీద కాదు, మైదానం లోపల నిలబడి వినాలి. ఒక్కసారి. ఆ మాట మా అమ్మాయితో అన్నాడట. ఆమె నాతో చెప్పింది.

నేనూ ఆటలకు వెళ్లేదాన్ని, శాలువా కప్పుకుని. పాయింట్లు నాకు తెలియవు. మనుషులు ఒకరిమీద ఒకరు పడి కుప్పవుతారు కదా, ఆ కుప్ప విడిపోయేటప్పుడు మావాడు లేచాడా లేదా అన్నది ఒక్కటే చూసేదాన్ని. లేవగానే "లేచాడు!" అని అరిచేదాన్ని. మా వరసలో కూర్చునే మిగతా ఆటగాళ్ల భార్యలకు ఆ మాట పట్టుబడిపోయింది. ఎవరి మొగుడు లేచినా "లేచాడు!" అని అమెరికా గొంతులతో కేకలు. మా అమ్మాయి సిగ్గుతో మొహం కప్పుకునేది.

ఒక ఏప్రిల్‌లో, అలాగే కుప్ప విడింది. మావాడు లేచాడు. మేమందరం అరిచాం. లేచినవాడు నింపాదిగా నడిచివెళ్లి అవతలి జట్టు వరసలో నిలబడ్డాడు.

జనం నవ్వారు. ఏదో వేళాకోళం అనుకుని నేనూ నవ్వాను. మా అమ్మాయి నవ్వలేదు. ఆమెకప్పుడు ఏడో నెల.

"అమ్మా, తనకి తెలీట్లేదు. ఎక్కడున్నాడో తనకి తెలీట్లేదు," అంది.

చాలా రోజులు కర్టెన్లు వేసిన గదిలోనే ఉన్నాడు. వెలుతురు పడేది కాదు. కుక్కర్ ఈల తలలో గుచ్చుకుంటోందంటే పప్పు గిన్నెలోనే ఉడకబెట్టేదాన్ని. తలకు దెబ్బ తగలడం అదే మొదలు కాదట. డాక్టరు ఆడొద్దనీ అనలేదు, ఆడమనీ అనలేదు. ఇంకోసారి తగిలితే మాత్రం ఏమవుతుందో చెప్పలేనంది.

ఎండాకాలంలో మనవరాలు పుట్టింది. మంచు పడేనాటికి అతను మళ్లీ మనిషయ్యాడు, పరుగులు మొదలుపెట్టాడు. అప్పుడు కోచ్ ఫోన్ చేశాడు. ఆ మొదట ఆడేవాడు వేరే జట్టుకు వెళ్లిపోయాడు. ఈసారి ఆట మొదటి నుంచీ నువ్వే ఆడాలి, సోమవారంలోగా ఏ సంగతీ చెప్పు, అన్నాడు.

"నువ్వేమన్నావే?" అని మా అమ్మాయిని అడిగాను.

"ఏమంటానమ్మా? వద్దంటే లైఫ్ లాంగ్ ఆ పాపం నాది. సరే అంటే, ఏమైనా అయితే అదీ నాదే. నీ ఇష్టం అన్నాను." బట్టలు మడతపెడుతూ అంది. మడిచిందే మళ్లీ మడిచింది.

ఆ ఆదివారమే పాపకు అన్నప్రాశన. హాల్లో దుప్పటి పరిచి పుస్తకం, పెన్ను, నా బంగారు గాజు, పాయసం గిన్నె వరసగా పెట్టాం. పాప పాకి ఏది పట్టుకుంటే దాన్నిబట్టి భవిష్యత్తు చెప్పుకుంటాం కదా. అతను లోపలికెళ్లి తన పాత బంతి తెచ్చి, గాజు పక్కన పెట్టాడు. ఒలిచిన కొబ్బరికాయలా ఉంటుంది ఆ బంతి. ఇది పట్టుకుంటే సంతకం పెట్టేస్తాను అని అందరికీ వినపడేలా ఇంగ్లీషులో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

"ఏందక్కా, బంగారం పక్కన గా బంతేంది?" అంది పక్కింటి వరంగల్ ఆవిడ. "ఆడపిల్లని కూడా కుస్తీకి తోలుతవా తమ్మీ?"

"గ్రీన్‌కార్డు కూడా పెట్టండి అక్కయ్యా," అన్నాడు వాళ్లాయన నాతో. "పాప పట్టుకుంటే మాకన్నా త్వరగా వస్తుంది!"

మా అమ్మాయి పాపను దింపి, గోడకానుకుని నిలబడింది. ఆమె ఒక్కతే నవ్వడం లేదు.

పాప పాయసం వైపు చూడలేదు, పెన్ను దాటేసింది, తిన్నగా బంతి దగ్గరికే పాకింది. అందరూ ఫోన్లు పట్టుకుని పాప మొహమే చూస్తున్నారు. నేను హారతి పళ్లెంతో, దుప్పటి అంచున కూర్చున్న అతని పక్కనే ఉన్నాను. పాప చెయ్యి చాపింది. అతని చిటికెనవేలు బంతి కొనకు తగిలింది. గుండ్రటి బంతి కాదు కదా, అంతమాత్రానికే అడ్డంగా పొర్లి సోఫా కిందకి పోయింది.

తగిలిందని నేననను. తగిలించాడు.

పాప కాసేపు తెల్లబోయి చూసి, తండ్రి మోకాలెక్కి ఆ ముద్దచెవి గుప్పిట్లో పట్టుకుంది.

"ఓయబ్బో, నాయిననే పట్టుకుంది! ఇగ ఏడికి పోతవు తమ్మీ!" వరంగల్ ఆవిడ చప్పట్లు కొట్టింది. అతను తలెత్తి నన్ను చూశాడు. నేను చూశానని తెలుసుకున్నాడు. తల దించేసుకున్నాడు.

సోమవారం కోచ్‌కు ఫోన్ చేసి రానన్నాడు. ఇప్పుడు ఇళ్ల సామాన్లు మోసే ఆ కంపెనీలోనే పనివాళ్లను చూసుకుంటున్నాడు. ఎవరడిగినా, మా పాపే నన్ను రిటైర్ చేసింది అని పాపను ఎత్తుకుని నవ్విస్తాడు. మా అమ్మాయి కూడా అదే నమ్ముతోంది. ఆమెకు కొంత హాయి. నేను చూసింది ఎవరితోనూ అనలేదు. అన్నివిధాలా మంచే జరిగింది, కాదనను. మెడ నిలిచింది, తల నిలిచింది. కానీ అంత పెద్ద కోరికను ఆ మనిషి ఒక్క వేలితో, మా అందరి నవ్వుల మధ్యలో, తనంతట తానే తోసేసుకున్నాడే అని అతనికి వడ్డించేటప్పుడల్లా అనుకుంటాను.

ఆ తర్వాత వచ్చిన ఫిబ్రవరిలో, జట్టు మొదటి ఆట వంటింట్లో కూర్చుని చూశాడు. ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించాడు. నేను దోసెలు పోస్తున్నాను. ఆటగాళ్లు బారులు తీరారు. అతని చోట ఎవరో కుర్రాడు. సౌండ్ పెంచాడు. ఈల మోగింది. మోగగానే సౌండ్ తీసేశాడు.

కాసేపటికి అందరూ కుప్పగా పడ్డారు. కుప్ప విడింది. ఆ కుర్రాడు లేచాడో లేదో నేను చూడలేదు, మా అల్లుణ్ణే చూస్తున్నాను. దోసె ప్లేటులో చల్లారిపోతోంది. ఆట అయిపోయి ఫోన్ నల్లబడిపోయినా, అతను ఆ స్టూలు మీంచి లేవలేదు.