పత్తి చేనులో జసింత చెప్పిన మాట

ఒక మాటను నేను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. అది నా మాట కాదు, మా చెల్లెలు జసింతది. ఆమె నాకు చెప్పింది. నేను విన్నాను. విననట్టు బతికాను. ఇంతే నా తప్పు. రెండు ముక్కల్లో చెబితే ఇంత చిన్నగా ఉందేమిటని నాకే అనిపిస్తోంది. మరి దీని కింద ఒక మనిషి బతుకు అంతా ఎట్లా నలిగిపోయింది? మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇది రాసే అవసరం ఉండేది కాదు.

నేను రఘునాథపల్లి దగ్గర ఒక ఊళ్ళో ఉపదేశిని. మా కతోలికుల ఊళ్ళలో ఫాదర్ తర్వాత పనంతా ఉపదేశిదే. పిల్లలకు జపాలు నేర్పడం, చావు ఇంట్లో పాట ఎత్తుకోవడం, పెళ్ళి కుదిరిన జంటలను కూర్చోబెట్టి తరగతులు చెప్పడం, అన్నీ. ఆ తరగతుల్లో నా మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. పెళ్ళిని చేసేది తాళి కాదు, ఉంగరం కాదు, ఫాదర్ దీవెన కూడా కాదు. ఇద్దరూ ఎవరి బలవంతమూ లేకుండా మనసారా ఒప్పుకోవడమే పెళ్ళి. ఆ ఒప్పుకోలు ఉంటే ఆ ముడిని విప్పే హక్కు ఎవరికీ లేదు. అది లేకపోతే అక్కడ ముడే పడలేదు. ఈ కాలం పిల్లలు కూడా సెల్‌ఫోన్లు పక్కన పెట్టి వింటారు. బాగా చెబుతానని నాకు పేరుంది. శ్రీరంగనీతులు చెప్పేవాళ్ళకు గొంతు ఎప్పుడూ బాగానే ఉంటుంది.

నా పెళ్ళి కుండమార్పిడి పెళ్ళి. వాళ్ళ పిల్ల మా ఇంటికి, మా పిల్ల వాళ్ళింటికి. రెండూ ఒకే రోజు, ఒకే పందిట్లో. ఒకటి తప్పితే రెండోది కూడా తప్పినట్టే. మాది కొంచెం మెట్ట భూమి, ఉపదేశికి వచ్చే జీతం ఎంతో చెప్పుకుంటే నవ్వుతారు. ముప్పై దాటినా నాకు పిల్లనిచ్చేవాళ్ళు లేరు. అప్పుడు మొగుళ్ళపల్లి వైపు నుంచి ఈ సంబంధం వచ్చింది. పిల్లను నేను అంతకుముందే ఒక గుడి పండుగలో చూశాను, చర్చిని మేము గుడి అనే అంటాం. పాటలో వెనుకబడ్డ ముసలమ్మల కోసం తన గొంతు తగ్గించి పాడుతోంది. ఆ రోజు నుంచి నా మనసులో ఇంకెవరూ లేరు. వాళ్ళు ఒకే షరతు పెట్టారు. మా పిల్లను ఇస్తాం, మీ జసింతను మా పెద్దోడికి ఇవ్వండి అన్నారు. మా నాయిన అక్కడికక్కడే సరే అన్నాడు. జసింతను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మాలో పెళ్ళికి ముందు ఫాదర్ పిల్లనూ పిల్లవాడినీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. ఇష్టపడే చేసుకుంటున్నావా, ఎవరైనా బలవంతం పెట్టారా అని. అక్కడ కాదంటే పెళ్ళి ఆగిపోతుంది. నాయిన అయినా, ఊరి పెద్దలైనా ఏమీ చేయలేరు. జసింతకు ఆ సంగతి తెలుసు. నేర్పింది నేనే కదా.

ఆ ప్రశ్నలకు ముందు రోజు సాయంత్రం మేమిద్దరం పత్తి ఏరుతున్నాం. ఆమె ఒడి నిండా పత్తి. నా పక్క సాలులోకి వచ్చి నిలబడింది.

"నాకీ పెండ్లి వద్దు అన్నా. గాయన మొకం జూస్తెనే నాకు బుగులైతున్నది."

"నాయినకు చెప్పినవా?"

"నాయినకెట్ల చెప్త? రేపు ఫాదర్ అడుగుతడు గదా, గప్పుడు చెప్త. నువ్వు పక్కకుంటె చాలు. నాకు జర ధైర్నముంటది."

నేను ఇంకో రెండు కాయల పత్తి ఏరాను. తర్వాత అన్నాను.

"నువ్వు వద్దంటె నాది గూడ ఆగిపోతది జసింతా."

ఆమె ఒడిలోని పత్తిని చూసుకుంటూ ఉండిపోయింది. "అయితె నువ్వే చెప్పు. నేనేం జెయ్యాలె?" అన్నది.

చూడండి, అప్పటికి ఇంకా ఏదీ చెడిపోలేదు. ఒక్క మాట అంటే సరిపోయేది. వద్దులే చెల్లే, చెప్పేయ్, నేనున్నా అంటే సరిపోయేది. నేను నిండిన పత్తి బస్తా నెత్తిన పెట్టుకుని ఇంటి దారి పట్టాను. వెనక ఆమె వస్తోందో లేదో తిరిగి చూడలేదు. బలవంతం అంటే కొట్టడం, తిట్టడం అనుకుంటారు చాలామంది. తరగతుల్లో నేనూ అట్లాగే చెప్పేవాణ్ని. బస్తా ఎత్తుకుని వెళ్ళిపోవడం కూడా బలవంతమేనని ఏ పాఠంలోనూ చెప్పలేదు.

మర్నాడు ఫాదర్ నన్ను బయట ఉండమన్నారు. అదే పద్ధతి. జసింతే "అన్నను ఉండనీరి ఫాదర్" అని బతిమాలింది. ఉపదేశిని కదా, ఫాదర్ ఒప్పుకున్నారు. ప్రశ్న అడిగారు. జసింత నా వైపు చూసింది. ఆ చూపును నేను మీకు ఎట్లా చెప్పను? అడుగుతోంది. ఇంకా అడుగుతూనే ఉంది. నేను కిటికీ వైపు తిరిగాను. ఫాదర్ మళ్ళీ అడిగారు. అప్పుడు నా నోట్లోంచి మాట వచ్చింది, సిగ్గు ఫాదర్, మా ఆడపిల్లలు నోరు తెరిచి అనరు అని. ఫాదర్ నవ్వారు. మౌనం అర్ధాంగీకారం అన్నారు. జసింత తల ఊపింది. ఆదివారాలు గుడిలో రెండు పెళ్ళిళ్ళూ చాటింపు వేశారు. అభ్యంతరం తెలిసినవాళ్ళు వచ్చి చెప్పాలని అడిగారు. ఆ చాటింపు చదివింది నేనే. ఊళ్ళో అభ్యంతరం తెలిసిన ఒకే ఒక్కడు దాన్ని గట్టిగా చదివి కూర్చున్నాడు.

జసింత పెళ్ళి ఎట్లా నడిచిందో ఎక్కువ చెప్పను. అతను కొట్టేవాడు కాదు. మాట్లాడేవాడే కాదు. కొన్నాళ్ళకు భివండీ బట్టల మిల్లులకు పోయి, అక్కడ వేరే సంసారం పెట్టుకున్నాడు. మొదటిసారి జసింత తిరిగి వచ్చినప్పుడు నేనే బస్సెక్కించి వెనక్కి పంపాను. కుండమార్పిడిలో ఒక పిల్ల పుట్టింటికి వస్తే రెండో పిల్లను కూడా వాళ్ళు వెనక్కి తీసుకుపోతారని భయం. అప్పటికి నా భార్య కడుపుతో ఉంది. రెండోసారి వచ్చినప్పుడు జసింత ఇక పోలేదు. జనగామ కోర్టులో విడాకులు వచ్చాయి. కోర్టు విడాకులతో గుడిలో ముడి విడిపోదు, మీకు తెలిసే ఉంటుంది.

తర్వాత దంతాలపల్లి నుంచి ఒకతను వచ్చి మా ఊళ్ళో బోరు మోటార్లు బాగుచేసే షాపు పెట్టాడు. భార్య చనిపోయినవాడు, నెమ్మదస్తుడు, మా గుడివాడే. జసింతను చేసుకుంటానన్నాడు. మా చెల్లెలు ఆ రోజుల్లో నవ్వడం నేను చూశాను. అట్లా నవ్వుతుందని అంతవరకూ నాకు తెలియదు. ఆమెకు ఒకటే పట్టుదల, పెళ్ళి గుడిలోనే జరగాలి. కొత్త ఫాదర్ దారి చెప్పారు. ఆ మొదటి పెళ్ళి ఇష్టం లేకుండా జరిగిందని తేలితే, అది మొదటినుంచీ పెళ్ళే కాదని బిషప్పు గారి మేత్రాసన న్యాయస్థానం తీర్పు ఇస్తుంది. దానికి సాక్షి కావాలి. ప్రశ్నలు అడిగిన పాత ఫాదర్ చనిపోయారు. నాయిన పోయాడు. అవ్వకు, అంటే మా అమ్మకు, ఏమీ తెలియదు. మిగిలింది నేను.

జసింత నన్ను బతిమాలలేదు. అన్నను పిలవండి, అన్నకు తెలుసు అని మాత్రం న్యాయస్థానం వాళ్ళకు చెప్పిందట.

నన్ను పిలిపించి బైబిలు మీద చెయ్యి పెట్టించారు. పెద్ద వయసు ఫాదర్ ఒకాయన మెల్లగా అడిగారు. ఈ పెళ్ళి తనకు వద్దని జసింత మీతో ఎప్పుడైనా అన్నదా?

లేదు ఫాదర్ అన్నాను.

ఎందుకు? ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉంటాను. ఉపదేశి పని పోతుందనా? ఆ భయం ఉంది. కంచే చేను మేసిందని ఊరంతా అంటుందనా? అదీ ఉంది. కానీ అసలుది వేరే. నా భార్యకు ఈ సంగతి తెలియదు. మన పెళ్ళి దేవుడు కుదిర్చింది అంటుంది. పవిత్ర కుటుంబ పండుగ రోజు ఫాదర్ మమ్మల్ని ముందుకు పిలిచి, ఇట్లా బతకాలి అని అందరికీ చూపిస్తారు. ఆమె నా చెయ్యి పట్టుకుని నిలబడుతుంది. తన కోసం నేను చెల్లెల్ని ఇచ్చేశానని తెలిస్తే ఆ చెయ్యి ఉంటుందా? నేను నా కాపురాన్ని కాపాడుకున్నాను. దాన్ని కుటుంబ ధర్మం అనుకుని నన్ను నేను సముదాయించుకున్నాను కూడా. ఇంతకంటే నీచం ఇంకేముంటుంది?

సాక్ష్యం చాలలేదని తీర్పు వచ్చింది. ఆ మొదటి పెళ్ళి నిలిచింది. జసింత మానుకోటలో రిజిస్టర్ పెళ్ళి చేసుకుంది. అప్పటినుంచీ ప్రతి ఆదివారం గుడికి వస్తుంది. ఆడవాళ్ళ వైపు చివరి చాప మీద కూర్చుంటుంది. పూజలో ఫాదర్ నాలుక మీద పెట్టే సత్ప్రసాదానికి అందరూ లేచినప్పుడు లేవదు. గుడి బయట పెళ్ళి చేసుకున్నవాళ్ళు తీసుకోకూడదని చర్చి నియమం, ఆమె దాన్ని పాటిస్తుంది. అబద్ధ సాక్ష్యం చెప్పినవాడు మాత్రం అందరికంటే ముందు పోయి నాలుక చాపుతాడు. ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనాల్లో ఎన్నో చిన్న పాపాలు ఏరి ఏరి చెప్పాను. కోపం వచ్చింది ఫాదర్, జపం మరిచిపోయాను ఫాదర్. ఇది మాత్రం గొంతు దాటలేదు. చెబితే, పోయి సరిదిద్దు అంటారు. సరిదిద్దనివాడికి క్షమాపణ ఎందుకిస్తారు?

జసింత ఈ విషయం నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. మా ఇంటికి వస్తుంది, వదినతో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతుంది. ఆమె మౌనాన్ని కూడా నేను అంగీకారం కిందే జమ కట్టుకున్నాను. అలవాటు పడ్డాను మరి.

ఈ ఏడు ఆమె కూతురు మొదటి సత్ప్రసాదం తీసుకుంది. తరగతులు చెప్పి ఆ పిల్లను తయారు చేసింది నేనే. తల్లిదండ్రులు పిల్లలతో పాటు పీఠం దగ్గరికి రావాలని చెబుతుంటే ఆ పిల్ల లేచి, "మామా, మా అమ్మ ఎందుకు తీస్కోదు?" అని అడిగింది. మీ అమ్మ పెండ్లి గుడిల కాలేదు బిడ్డా అన్నాను. అది తప్పా అని అడిగింది. అందరూ వింటున్నారు. అవును అన్నాను.

ఆ పిల్ల కూర్చుంది. తల్లిని తప్పు చేసిన మనిషిగా చూడడం ఆ రోజు నేర్చుకుంది, నా దగ్గర.

పోయిన ఆదివారం నేను సత్ప్రసాదానికి లేవలేదు. మగవాళ్ళ వైపు గోడకు ఆనుకుని కూర్చున్నాను. తల ఎత్తి చూస్తే, గుడిలో కూర్చున్నవాళ్ళం మేమిద్దరమే, ఆ చివర జసింత, ఈ చివర నేను. ఆమె నా వైపు చూసింది. ఫాదర్ గదిలో చూసిన చూపే. నేను ఈసారి కిటికీ వైపు తిరగలేదు. చేసింది అంతే. బయటికి వచ్చాక నా భార్య ఎందుకు పోలేదని అడిగింది. కడుపులో బాగలేదన్నాను. ఇంటికి పోయి వాము నీళ్ళు కాచి ఇచ్చింది. తాగాను.

నేను మంచివాణ్ని అయిపోయానని ఇది రాయడం లేదు. రేపు ఫాదర్ దగ్గరికి పోతానో లేదో నాకే నమ్మకం లేదు. నన్ను నేను బాగా ఎరుగుదును. కానీ ఆ పెద్ద ఫాదర్ అడిగిన ప్రశ్న ఇంకా నా ముందే ఉంది. దానికి జవాబు ఒక్కచోటైనా ఉండాలి. వద్దని ఆమె మీతో ఎప్పుడైనా అన్నదా?

అన్నది ఫాదర్. పత్తి చేనులో అన్నది. నేను విన్నాను.