ఖాళీ గదికి ఉక్కపోస్తదా?

ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులు. పొద్దున్నే తయారై చెప్పులేసుకుంటుంటే కోదాడ నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మ పోయింది చెల్లె. చాయ్ తాగుతదేమోనని లేపితే లేవలే. మిర్యాలగూడకే తీస్కపోతున్నం, ఆడికే రాండ్రి" అన్నాడు అన్న. ఫోన్ పెట్టేశాక చేతిలో ఉన్న తాళంచెవి ఏ తలుపుదో కాసేపు తోచలేదు. పడకగదిలో ఎవరూ లేకపోయినా ఫ్యాను తిరుగుతోంది. లోపలికి వెళ్లి దాన్ని ఆపి, అప్పుడు ఏడ్చాను.

పోయినావిడ నాకు చుట్టం కాదు. ఇప్పుడంటే సూర్యాపేటలో ఉంటున్నాం గానీ, పెళ్లైన కొత్తలో మిర్యాలగూడలో కిరాయికున్నాం. ఆ ఇంటి ఓనరమ్మ ఆవిడ. భర్త పోయాక ఒక పోర్షన్‌లో తనుండి రెండోది మాకిచ్చింది. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఫోన్ చేసిన అన్న ఆమె కొడుకు, కోదాడలో ఉద్యోగం. ఈమధ్య ఆమె అతని దగ్గరే ఉంటోంది.

లైట్ల విషయంలో పెద్దమ్మ కళ్లుగప్పడం ఎవరి తరమూ కాదు. మా వంటింటి కిటికీ ముందు నుంచి పోతూ లోపల లైటు వెలుగుతుంటే ఆగిపోయేది. ఫ్యాను తిరుగుతుంటే ఇక చెప్పనక్కర్లేదు. "ఏం బిడ్డా, ఖాళీ గదికి ఉక్కపోస్తదా?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే నిలబడేది. మా ఆయన స్నానం చేసి బయటికొస్తూ "పెద్దమ్మా, లైటు బంద్ జేసిన!" అని వాకిట్లోకి కేకేసేవాడు. ఆమె తగ్గేరకమా? "మంచిగ జేసినవ్ కొడుకా, నల్లా గూడ బంద్ జేసినవా?" అనేది. వాడకట్టులో ఆమెను పిసినారి అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నవ్వేది.

ఎల్‌ఈడీ బల్బులు వచ్చినప్పుడు ఆమె సంబరం చూడాలి. ఇంట్లో ఉన్న పసుపు వెలుగు పాత పచ్చబల్బులన్నీ ఒక్కరోజే తీసి పారేసింది. ఆ ఊపులో పెరట్లో కోడిపిల్లల అట్టపెట్టెకు వేలాడే బల్బు కూడా మార్చేసింది. అసలే చలికాలం. తెల్లారి చూస్తే పిల్లలన్నీ ఒక మూలకు ముద్దగా చేరి వణుకుతున్నాయి. పెద్దమ్మ బల్బును పట్టుకుని చూసి నోరెళ్లబెట్టింది. "అయ్యో, దీనికి ఎలుగే ఉంది గని ఏడి లేదు గదనే!" అంటూ పిల్లల్ని కొంగులో వేసుకుని పొయ్యి దగ్గరికి పరుగెత్తింది. దేవుడి దయ, అన్నీ బతికాయి. ఆ తర్వాత పచ్చబల్బు కోసం బజారంతా తిరిగింది. ఎల్‌ఈడీ కొనమని అందరికీ చెప్పే మనిషి పచ్చబల్బు అడుగుతుంటే దుకాణాల వాళ్లు ఒకటే నవ్వు. ఇంటికొచ్చి తనే నాకు వివరించింది: "పాతది తిన్న కరెంటంత ఏడే కక్కుతది బిడ్డా. కోడిపిల్లలకైతే మంచిదే, మనకెందుకు?"

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది మా పాప పుట్టిన ఎండాకాలం గురించి. మా అమ్మ నా పెళ్లికి ముందే పోయింది, తొలికాన్పుకు పోదామంటే పుట్టిల్లు లేదు. పాప తక్కువ బరువుతో పుట్టింది. దవాఖాన నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, పిల్లకు వడ తగలకూడదు, గాలాడే గదిలోనే ఉంచాలి అని. మిర్యాలగూడ ఎండలు మీకు తెలియనివా! సాయంత్రమైతే గాలిదుమారం, దానితోపాటే కరెంటు పోవడం. మాకు ఇన్వర్టర్ లేదు. పెద్దమ్మకున్న ఇన్వర్టర్ పాతబడిపోయింది, ఆమె పాత ఫ్యాను వేస్తే కాసేపటికే చేతులెత్తేసేది. ఆ తువ్వాలంత పిల్లను ఒళ్లో పెట్టుకుని, ఈ ఎండాకాలం గట్టెక్కుతుందా అని రోజులు లెక్కపెట్టుకునేదాన్ని.

సరిగ్గా ఆ వారమే అన్న కోదాడ నుంచి ఫోన్ చేసి, మిర్యాలగూడ దుకాణం నుంచే వాళ్లమ్మకు కూలర్ పంపించాడు. పెద్దమ్మ దాన్ని విప్పనన్నా విప్పలేదు. ఆటోలో వేసుకుని దుకాణానికి పోయి వాపసు ఇచ్చేసింది. బదులుగా రిమోట్‌తో నడిచే కొత్తరకం ఫ్యాను తెచ్చి హాల్లో పెట్టించింది. పాతది తాగే కరెంటులో సగం కూడా తాగదు అది. అన్నకు తెలిసి ఫోన్లో మండిపడ్డాడు. "ఎండల నీకు ఆయాసమొస్తదని పంపితే వాపస్ ఇస్తవా?" అన్న మాట పక్కనున్న నాకు కూడా వినిపించింది. పెద్దమ్మ తొణకలేదు. "కూలర్‌ను గీ ఇన్వర్టర్ గుంజదురా. కరెంటున్నప్పుడు నేనెట్లనో ఉంట. లేనప్పుడే కద గాలి గావాల్సింది, పసిపిల్ల ఉంది ఇంట్ల" అంది.

మా గదికీ వాళ్ల హాలుకీ మధ్య ఒక తలుపుండేది. కిరాయి ఇళ్లలో ఉంటుంది చూడండి, అలాంటిదే. రెండువైపులా గడియ, అటుపక్క అడ్డంగా బీరువా. మేం దిగిన నాటి నుంచి అది తెరుచుకోగా చూడలేదు. ఆ సాయంత్రం బీరువా చప్పుడు వినిపించింది, తర్వాత గడియ తీసిన చప్పుడు. మావైపు గడియ నేను తీశాను. మధ్య తలుపులో పెద్దమ్మ నిలబడి ఉంది. "ఇగ కరెంటు పోతే పిల్లనెత్తుకోని ఇట్ల వచ్చెయ్" అంది.

పక్కింటామె ఊరుకుంటుందా, వచ్చి బుగ్గలు నొక్కుకుంది. "బాలింతకు ఫ్యాన్ గాలేందమ్మా, వాతం జేస్తది!" పెద్దమ్మ నా చెవుల్లో దూది పెట్టి, తలకు తువ్వాలు చుట్టి, రిమోట్‌తో ఫ్యానును ఒకటి మీద పెట్టింది. "తల్లికి చెవులు మూసిన. పిల్లకు గాలి గూడ మూయమంటవా?"

ఒకరోజు దుమారానికి స్తంభాలే పడిపోయాయి. కరెంటు మర్నాడు గానీ రాదన్నారు. పెద్దమ్మ ఇల్లంతా తిరిగి అన్నీ బంద్ చేసి, అందరినీ ఆ ఒక్క ఫ్యాను కిందికి పిలిచింది. వాతమన్న పక్కింటామె కూడా చాప తెచ్చుకుంది. నడుమ మా పాప, చుట్టూ మేము. పెద్దమ్మ మాత్రం మధ్య తలుపు గడప పక్కన గోడకానుకుని కూర్చుంది. ఎప్పుడూ అక్కడే కూర్చునేది. "ఇటు జరుగు పెద్దమ్మా" అంటే వినేది కాదు. "నాకు గీడ సక్కగ వస్తది గాలి. నువ్వు పిల్లను సూస్కో" అనేది. మర్నాడు కరెంటు వచ్చేదాకా ఆ ఫ్యాను ఆగలేదు. పాప ఒంటి మీద చెమటకాయ కూడా లేవలేదు. ఆ ఎండాకాలం నా బిడ్డ క్షేమంగా దాటిందంటే అది పెద్దమ్మ చలవే. ఈ మాట ఆమె ఉన్నప్పుడు చాలాసార్లు చెప్పాను, ప్రతిసారీ "ఊకో" అనేది.

దినాల నాడు ఆ ఇంటికి వెళ్లాం. భోజనాలయ్యేసరికి గాలిదుమారం లేచి కరెంటు పోయింది. అన్న లేచి వంటింటి లైటు, వరండా లైటు బంద్ చేసి వచ్చాడు. పిలవకుండానే అందరూ హాల్లోకి చేరారు. అప్పటి ఆ పాప, మా అమ్మాయి, పోయి సరిగ్గా ఆ ఫ్యాను కింద కూర్చుంది. మిగిలింది గడప పక్కన చోటొక్కటే. నేను అక్కడ గోడకానుకుని కూర్చున్నాను.

గాలి రాలేదు. కాస్త ముందుకు వంగాను, పక్కకు జరిగాను. తెరిచిన తలుపు రెక్క అడ్డం. ఆ మూలకు గాలి రానే రాదు.

అన్న చూసినట్టున్నాడు. "గాడ గాలి రాదు చెల్లె, ఇటు రా" అన్నాడు.

"నాకు గీడ సక్కగ వస్తది అన్నా" అన్నాను.

ఫ్యాను కింద నా కూతురి ముంగురులు ఎగురుతున్నాయి.