ఏ రికాబో తేల్చకుండానే

కిందటి నెలలో ఒక పొద్దున ఇంటర్ పిల్లలకు సంధులు చెబుతున్నాను. బల్ల మీద ఫోను మూడుసార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారికి వరండాలోకి వెళ్లి ఎత్తాను. నాకు గుర్రపుస్వారీ నేర్పే సారు గారి భార్య. "సారు లేడమ్మా" అన్నారు.

"ఎక్కడికి వెళ్లారండీ? ఎప్పుడొస్తారు?" అన్నాను. అక్కడితో నోరు మూసుకుంటే నేను నేనెందుకవుతాను! "రాగానే చెప్పండమ్మా, ఈ ఆదివారం నా రికాబుల సంగతి తేల్చేస్తానన్నారు" అని కూడా అన్నాను. అప్పుడావిడ, చంటిపిల్లకు చెప్పినట్టు, "లేడంటే లేడమ్మా. పొద్దున కాఫీ తాగతా తాగతా పోయినాడు" అన్నారు.

ఇరవై ఏళ్లుగా తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని. లేడు అన్న రెండక్షరాల మాటకు అర్థం ఇంకొకరు విడమరచి చెప్పాల్సి వచ్చింది. అదీ ఎవరు, ఆ ఇల్లాలే. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

మీలో చాలామందికి రికాబు అంటే తెలియకపోవచ్చు. జీనుకు రెండు పక్కలా తోలుపట్టీతో వేలాడే ఇనుప కడియం అది. అందులో పాదం మోపి గుర్రమెక్కుతాం, ఎక్కాక దాని మీదే ఆనుకుంటాం. పడేటప్పుడు కాలు దాంట్లోంచి ఊడి వస్తే బతికిపోయినట్టు. ఊడకపోతే గుర్రం మనల్ని ఈడ్చుకుపోతుంది. అలా ఈడ్చుకుపోకుండా, కాలు దానంతటదే బయటపడే రికాబులు ఇప్పుడు రకరకాలు వస్తున్నాయి. వాటిలో నా కాలికి ఏది మంచిదో సారు చెప్పాలి. చెప్పకుండా పోయారు.

సారు పోలీసు గుర్రాల దళంలో పనిచేసి రిటైరైన మనిషి. చంద్రగిరి దారిలో మామిడితోపు పక్కన రేకుల కొట్టం వేసి మూడు గుర్రాలు పెట్టుకున్నారు. పొట్టిగా, తెల్లమీసంతో, ఎప్పుడు చూసినా చొక్కా జేబులో ఒక బెల్లం ముక్కతో ఉండేవారు. ఇనుప సామానంతా చింతపండు పెట్టి తనే తోమేవారు. ఆ పని ఇంకెవరు చేసినా ఆయనకు నచ్చేది కాదు.

నలభై నాలుగేళ్ల వయసులో ఆయన దగ్గర చేరడం నా ప్రయోజకత్వమేమీ కాదు. మా అన్న కూతుర్ని చేర్పించడానికి తీసుకెళ్లాను. అది రెండో రోజే తొడలు నొప్పులని మానేసింది. ఆ మాట చెప్పడానికి వెళ్తే సారు, "సరే, ఎట్లాగూ వొచ్చినావు గదా, నువ్వెక్కు" అన్నారు. ఔననాలో కాదనాలో తేల్చుకునేలోపల గుర్రం మీద ఉన్నాను.

తేల్చుకోలేకపోవడం నా పుట్టుగుణం. నేను చీరల కొట్టులో అడుగుపెడితే అక్కడి అమ్మాయిలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. సారుకు ఈ సంగతి మొదటివారంలోనే తెలిసిపోయింది. కుడివైపు కళ్లెం లాగి, అంతలోనే ఎడమవైపు లాగి, గుర్రాన్ని బాట నడిమధ్యలో నిలబెట్టేదాన్ని. "భయపడేవోళ్లను గుర్రం మోస్తాదమ్మా. ఎటూ తేలనోళ్లను మొయ్యదు" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు. "పడేది మొదటి పాఠం. ఎక్కేది రెండోది." నిజంగానే మొదటి రెండు వారాలు గడ్డిమోపుల మీద మమ్మల్ని పడేయడమే ఆయన పని.

మాది గుడి కైంకర్యం చేసుకుంటూ వచ్చిన ఇల్లు. మా అమ్మకు ఈ విద్య గిట్టలేదు. "స్వామే బ్రహ్మోత్సవాల్లో ఒక్క రాత్రి ఎక్కుతాడు గుర్రం. నీకు వారానికి మూడు దినాలు కావాల్నా?" అంది. ఈ మాట సారుకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వారు. "మీయమ్మతో చెప్పు. స్వామి గుర్రం కదల్దు, మోసేవోళ్లే కదుల్తారు. మనకట్ల కుదర్దు" అన్నారు. అమ్మ ఆ జవాబు విని, నవ్వు నాకు కనిపించకుండా మొహం తిప్పుకుంది.

ఒకసారి నిఘంటువు తిరగేస్తూ, రికాబుకు తెలుగులో అంకవన్నె అన్న మాట చూశాను. మర్నాడే సారుకు అప్పగించాను. ఆయన గుర్రం డెక్క గీకుతూ ఆ మాటను రెండుసార్లు తనలో తాను అనుకుని, "అంత మంచి పేరు పెట్టుకోని కాలు పట్టుకుంటాదా అది?" అన్నారు. తర్వాత నా దగ్గర మాత్రం దాన్ని అంకవన్నె అనే అనేవారు. మిగతావాళ్ల దగ్గర రికాబే.

అది నా కాలు పట్టుకోనే పట్టుకుంది. వేసవి సెలవుల్లో, బుజ్జమ్మ అనే గోధుమరంగు గుర్రం మీద పోతుంటే దారిలో ప్లాస్టిక్ సంచి ఒకటి గాలికి లేచింది. బుజ్జమ్మ పక్కకు దూకింది. నేను ఎడమవైపు జారిపోయాను, ఎడమ కాలు ఇనుములోనే ఉండిపోయింది. ఆ రోజు మడమ లేని కాన్వాసు బూట్లు వేసుకెళ్లాను. అందుకే పాదం కడియంలోంచి చీలమండ దాకా దూసుకుపోయింది. పది అడుగులు ఈడ్చింది. సారు ఎదురుగా వచ్చి రెండు చేతులూ చాచి నిలబడితే ఆగింది. ఆ పది అడుగుల్లో నేనేమీ గొప్పవి ఆలోచించలేదు. ఇంటికెళ్లి అమ్మకు ఏమని చెప్పాలా అనుకున్నాను.

చీలమండ ఎముక చిట్లితే, ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరుకు తీసుకెళ్లి కట్టు కట్టించారు. ఆకుపసరు, గుడ్డుసొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి బిగించారు. అసలు గొడవ ఇంటికొచ్చాక మొదలైంది. కాలికి కోడిగుడ్డు పూసుకున్న మనిషిని మా అమ్మ వంటింటి గడప దాటనివ్వలేదు. కట్టు విప్పేదాకా ముందుగదిలోనే తిన్నాను, అక్కడే పడుకున్నాను. సారు చూడ్డానికి వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడేవారు. "తప్పు బూట్లది సారూ" అంటే, "బూట్ల మడమ సూడకుండా ఎక్కించింది ఎవరు?" అనేవారు.

కట్టు విప్పిన రోజు అమ్మ సారు ఎదుటే నా చేత మాట తీసుకుంది. "ఇది నీకు సరిపోతుందని ఈయన తన నోటితో చెప్పిన రికాబు ఉంటేనే ఎక్కాలి. లేకపోతే ఈ ఇంట్లో గుర్రం మాటే వినపడకూడదు." నేను తలూపాను. సారు, "అట్లనే తల్లీ" అన్నారు.

ఇక మొదలైంది. సారు ఎక్కడెక్కడివో మూడు జతలు తెప్పించారు. కొట్టంలో కొయ్యబల్ల మీద జీను వేసి, దాని మీద నన్ను కూర్చోబెట్టి, ప్రతి ఆదివారం నా కాలు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగేవారు. పక్కనుంచి గుర్రాలు వింతగా చూసేవి.

మొదటిది రబ్బరుది. దీనికి బయటివైపు ఇనుప కమ్మీ ఉండదు. దాని బదులు మందపాటి రబ్బరు పట్టీ పైకీ కిందకీ తగిలించి ఉంటుంది. కాలు గట్టిగా లాగితే పట్టీ ఊడి దారి ఇస్తుంది. "ఇదే నీకు" అన్నారు. మరుసటి ఆదివారం "వొద్దులే" అన్నారు. మన ఎండలకు రబ్బరు బిరుసెక్కి పగులుతుందట. బరువుగా తొక్కితే అడుగుపలక ఒకపక్కకు వంగుతుందట. నా బరువు గురించేనా అని అడిగితే ఆయన బుజ్జమ్మ వైపు చూశారు.

రెండోది వంపుది. బయటి కమ్మీ తిన్నగా కాకుండా ముందుకు వంగి ఉంటుంది. పడేటప్పుడు పాదం ఆ వంపులోంచి జారిపోవాలి. ఊడేదీ లేదు, తెగేదీ లేదు. "ఇది బాగుండాది" అన్నారు. కానీ దెబ్బ తిన్నాక నా ఎడమ చీలమండ బయటికి పూర్తిగా తిరగడం లేదు. ఆయన ఆ కాలు పట్టుకుని పది పన్నెండుసార్లు తిప్పి చూశారు. కాఫీకి లేచిపోయారు.

మూడోది మడతది. బయటి కమ్మీకి కీలు ఉంటుంది, పాదం ఒత్తితే తలుపులా తెరుచుకుంటుంది. నాకైతే అది చూడగానే నచ్చింది. "దుమ్ము పడితే తెరుచుకోదు, పడకపోతే ఊరికే తెరుచుకుంటాది. కొందరు మనుషులు ఉండారే, ఆ మాదిరి" అన్నారు సారు. తర్వాతి వారం ఆ కీలుకు నూనె వేసి, "ఇదే మేలేమో" అన్నారు. ఆ పై వారం, అసలు మంచి బూట్లుంటే పాత ఇనుపదే చాలన్నారు. అలాగైతే పాతదే వేయండి అంటే కోపం వచ్చేసింది. "నీ కాలికి దాన్ని సూపను కూడా సూపను."

మరి మీరు పాతదాని మీదే స్వారీ చేస్తారు కదా అని అడిగాను. ఆయన, "నా కాలు నాకు తెలుసమ్మా. నీ కాలు నాకు తెలీదు గదా" అన్నారు. అప్పుడు విని ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, నా కాలి గురించి ఇంత ఆలోచించిన మనిషి నా జీవితంలో ఇంకెవరున్నారా అనిపిస్తుంది. చివరికి, "వొచ్చే ఆదివారం తేల్చేస్తా, రా" అన్నారు. గురువారం పోయారు.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర సారు శిష్యులం ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం. ఒకాయన చిత్తూరు దగ్గర మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో మేనేజరు, ఇంకో అమ్మాయి పశువైద్యం చదువుతోంది. నేను నా గోడు వెళ్లబోసుకున్నాను. మేనేజరు విస్తరి మీద చెయ్యి ఆపి, "దాంట్లో అనుమానమేముండాది మేడమ్? మడతదే. రబ్బరుది బొమ్మలంగడి సామానని సారు నాతో ఖరాకండిగా చెప్పినాడు" అన్నాడు. "అదేంది సార్, నన్ను రబ్బరుదే వేసుకోమన్నాడు. కీలుండేదాన్ని నమ్మొద్దన్నాడు" అంది ఆ అమ్మాయి. ఇద్దరూ పప్పన్నం చల్లారిపోయేదాకా వాదించుకున్నారు. మేనేజరు ఏనుగంత మనిషి, ఈ పిల్ల జొన్నకంకె. మనిషిని బట్టి చెప్పారని నాకు అప్పటికి తట్టింది. మరి నన్ను బట్టి ఏమిటి?

వడ్డిస్తున్న సారు గారి భార్య మా ముందు ఆగారు. "ఈయమ్మ సంగతే ఆయనకు తెగల్యా. ఆ మూడు జతలూ మంచం కింద పెట్టుకోని దినామూ తీసి చూసేవాడు. ఎందర్నో ఎక్కిస్తిని, ఈ కాలు మాత్రం నాకు అర్థం కాలేదే అనేవాడు" అన్నారు.

ఎటూ తేలనివాళ్లను గుర్రం మొయ్యదన్న మనిషి, నా విషయంలో ఎటూ తేల్చుకోలేకపోయారు. నవ్వు రావాల్సిన మాటే. నాకు ఏడుపొచ్చింది. ఆయన పోయాక మొదటిసారి ఏడ్చింది అక్కడే, విస్తరి ముందు.

సాయంత్రం అమ్మకు చెప్పాను, మాట ప్రకారం ఇక గుర్రం లేనట్టే అని. గుర్రాలను పలమనేరు వైపు ఒకాయన తీసుకుపోతున్నాడని, అంతవరకు బుజ్జమ్మను నడిపించే దిక్కు లేదని కూడా చెప్పాను. అమ్మ తులసిదళాలు గిల్లుతూ వింది.

"రెండు నెలలు చూసినాడా?" అంది.

"చూశారు."

"ఏదో ఒకటి ఇదేలే అని చెప్పి పంపించేయొచ్చు గదా."

"చెప్పలేదమ్మా."

గిల్లిన దళాలు పళ్లెంలోకి వేసింది. "అంత భయం పెట్టుకుని చూసిన మనిషి కొట్టంలో ఏ రికాబుంటే మాత్రమేం! పోయి ఎక్కిరా" అంది. అది అనుమతో, విసుగో నాకు అర్థం కాలేదు. రెండుసార్లు అడిగాను. "మూడోసారి అడిగితే వద్దంటా" అంది.

మరుసటి ఆదివారం పొద్దున్నే, కొట్టాన్ని ఆనుకుని ఉన్న సారు గారి ఇంటికి వెళ్లాను. మూడు జతలూ మంచం మీద పెట్టి ఉన్నాయి, చింతపండుతో తోమిన మెరుపు ఇంకా పోలేదు. వంపుది తీసుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. మడమ ఉన్న బూట్లు మాత్రం వేసుకున్నాను. కొట్టంలో పశువైద్యం అమ్మాయి బుజ్జమ్మకు జీను బిగించింది. ఎక్కాను. మడమలతో తట్టాను, నాలుకతో చప్పుడు చేశాను, పేరు పెట్టి పిలిచాను. బుజ్జమ్మ కదల్లేదు. చెవులు వెనక్కి పెట్టి దేనికోసమో ఆగి ఉంది. నేనే మళ్లీ ఎటూ తేల్చుకోకుండా ఉన్నానేమో, దానికి తెలిసిపోయిందేమో అనుకున్నాను.

"ఏలు పెట్టలేదు గదమ్మా, దానికి" అన్నారు సారు గారి భార్య, బయట ఉలవలు కడుగుతున్న చోటినుంచి.

ఎవరు ఎక్కినా సారు రెండు పక్కలా బూటుకూ ఇనుముకూ మధ్య వేలు దూర్చి చూసేవారు. వేలు ఆడితేనే పొమ్మనేవారు. ఇన్నాళ్లూ నా కాలి దగ్గర జరిగిందే, నేను దారి చూస్తూ కూర్చునేదాన్ని. గుర్రం గమనించింది, ఆవిడ గమనించారు.

ఆవిడ తడి చేతులతోనే లేచి వచ్చారు. గుర్రమంటే ఆవిడకు చచ్చేంత భయం. ఇన్నేళ్లలో కొట్టం గడప దాటి లోపలికి వచ్చింది లేదు. ఎడమవైపు నా బూటు పక్కన వేలు దూర్చారు. ఆవిడ వేళ్లు సన్నం. ఆయన వేలంత కావాలని కాబోలు, రెండో వేలు కూడా జోడించారు. తర్వాత కొంగు పళ్లతో కరచుకుని, బుజ్జమ్మ మొహం ముందునుంచే నడిచి కుడివైపుకు వచ్చి అక్కడా రెండు వేళ్లు పెట్టి చూశారు.

"ఆడతా ఉండాది. పో" అన్నారు.

బుజ్జమ్మ కదిలింది. తోపు మలుపు దాకా నేను తల వంచి కిందికే చూస్తూ పోయాను. రెండు బూట్ల మీదా ఉలవనీళ్ల తడి, రెండేసి వేళ్ల గుర్తులు, ఎండకు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.