సగం మంద

మక్తల్ దిక్కు మా ఊర్లె కొత్త ఇల్లు కట్టనీకి గొర్ల మందల సగమే అమ్ముదామన్నడు బాపు. తక్కిన సగం మన బువ్వ, దాని జోలికి పోవద్దన్నడు. గోడలు లేసినంక ఇంట్లోళ్లకు ఆశ పుట్టింది. అమ్మ పైన ఇంకో అర్ర అన్నది, అన్న కింద మార్బుల్ అన్నడు. మార్బులట, మట్టికాళ్లతోని తిరిగే మాకు! అడిగినప్పుడల్లా కొన్ని గొర్లు పోయినయ్. ఆఖరి తల్లిగొర్లను మా ఊరి ఆసామే కొన్నడు.

ఇప్పుడు బాపు ఆ ఆసామి దగ్గర్నే జీతముంటున్నడు. పొద్దుగాల మార్బుల్ మెట్లు దిగి ఆ గొర్లనే మేపనీకి పోతడు. మాపటికి మర్లేటప్పుడు అవి అలవాటుకొద్దీ మా ఇంటి దిక్కే ఉరుకుతయ్. గేటు ముంగట కట్టె అడ్డం పెట్టి, బాపే వాటిని ఎల్లగొడతడు.