మా తాబేలు పిల్ల జీడితోటకు పోయిన వైనం

తాబేలు పిల్లను ఇసుకలోంచి సముద్రం దాకా నడిపించడం ఎంత పని చెప్పండి? యాభై అడుగులు కూడా ఉండదు. దేవుడు ఏటేటా వేల పిల్లల్ని ఏ హడావుడీ లేకుండా నడిపిస్తున్నాడు. నేను ఒక్కదాన్ని నడిపించబోయి, ఊరందరి ముందూ తలెత్తుకోలేని పని చేశాను. అదీ బొమ్మ తాబేలుని!

అంతకుముందు హైదరాబాదులో ఒక కార్టూన్ల కంపెనీలో మూడేళ్లు బొమ్మలు గీశాను. పైనున్న పెద్దలు ఎలుగుబంటికి మీసం పెట్టమని సోమవారం చెప్పేవారు, తీసెయ్యమని మంగళవారం చెప్పేవారు, బుధవారం నాటికి అసలు ఎలుగుబంటే వద్దనేవారు. "నా చేతికి ఒక్క సినిమా రానీ, ఒక్క గీత కూడా ఎవరినీ ముట్టుకోనివ్వను" అని క్యాంటీను బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఆ బల్లకు నోరుంటే ఇప్పుడు పగలబడి నవ్వును.

మా ఊరు పలాస తిరిగొచ్చాక ఆ సినిమా దొరికింది. సోంపేట దాటాక సముద్రం ఒడ్డున ఒక పల్లెలో నూకమ్మ మామ్మ ఉంది. చేపలు అమ్ముకునే మనిషి. తాబేళ్లు గుడ్లు పెట్టిన చోట చుట్టూ కంప నాటి, మనవరాలు శైలుతో కలిసి కుక్కలు రాకుండా కాపలా కాస్తుంది. ఆమె బాధ ఒక్కటే.

"మీ పలాసోళ్లు పిక్నిక్కులకొచ్చి లైట్లెట్టుకుని కూకుంతారు బాబూ. గుడ్డులోంచి అప్పుడే వొచ్చిన పిల్లకేటి తెలుసు? యెలుగెటుంతే అటు పాకుతాది. సముద్రం అనుకుని రోడ్డు మీదకెల్లి సచ్చిపోతాది. ఆల పిల్లలకి తెలిసేలాగ ఓ బొమ్మల సినిమా తియ్యి. ఆకర్ని తాబేలు సముద్రంలో దిగాల. అంతే."

"దింపుతాను మామ్మా" అని ఆమె చేతిలో చెయ్యేసి మాటిచ్చాను.

పెట్టుబడి మా భాస్కరం మావది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. మంచివాడు. మంచివాళ్లకు వద్దని చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. ఫ్యాక్టరీలో ఆయనకొక అలవాటు. ఏ బస్తా ముందు నిలబడినా గుప్పెడు పప్పు తీసి అరచేతిలో పరిచి, ముక్కల్నీ మచ్చలున్నవాటినీ వేలితో పక్కకి నెట్టేస్తాడు. నా కథను కూడా అలాగే ఏరడం మొదలెట్టాడు.

"ఈ కుక్కేటిరా?"

"పిల్లను తరుముతుంది మావా."

"మచ్చ. తీసీ. ఈ కాకేటి?"

"ఎత్తుకుపోదామని చూస్తుంది."

"పిల్లలు జడుసుకుంతారు, తీసీ. పోనీ ఉంచు. మంచి కాకిని సేసీ. తాబేలుకి జీడిపప్పు పెడతాది."

"సరే మావా."

మావకు రవి అని ఒక బావమరిది. ఫోన్ల కొట్టు నడుపుతాడు. ఫోనులో చూసిన సినిమాల అనుభవంతో తనకు తానే క్రియేటివ్ హెడ్ అయ్యాడు.

"బావా, తాబేలు మరీ నెమ్మదిగా ఎల్తంది. జనాలు పడుకుంతారు" అన్నాడు రవి.

"నిజవే. సక్రాలెట్టరా" అన్నాడు మావ.

"తాబేలుకా మావా?"

"కాళ్లు నాలుగున్నాయి కదేటి? సక్రాలూ నాలుగే. సరిపోయింది. ఆ డిప్ప కూడా కొంచెం ఒంపు తిప్పు, మన పప్పులాగ."

"సరే మావా."

వారం తిరిగేసరికి నా తాబేలు నడుం పట్టేసిన మనిషిలా వంగి, చక్రాల మీద దొర్లుకుంటూ పోతోంది. దారిలో శత్రువన్నవాడు లేడు. ఇక మిగిలింది ఆఖరి ఘట్టం.

"సముద్రంలోకి ఎల్పోతే ఇంకేటుందిరా? ఫ్యామిలీలన్నీ ఏడుసుకుంటూ ఇంటికెల్తాయి" అన్నాడు మావ. "తల్లి కావాల. తల్లి మన జీడితోటలో ఉంతాది. మన ఫ్యాక్టరీ లైట్లు తళతళా మెరుత్తాయి. ఆ యెలుగు సూసి పిల్ల పరుగెట్టుకొచ్చీసి తల్లిని అతుక్కుపోతాది. సూడు, సెప్తంటే నాకే కళ్లనీళ్లొచ్చేత్తన్నాయి."

నిజంగానే వచ్చాయి. నూకమ్మ మామ్మ మాట నాకు గుర్తు రాలేదా అంటారా? వచ్చింది. గొంతు దాకా వచ్చింది. కండువాతో కళ్లు తుడుచుకుంటున్న మనిషితో, ఆ వెలుగు చూసే చచ్చిపోతాయి మావా అని ఎలా చెప్పను? "సరే మావా" అన్నాను.

ప్రదర్శన ఎక్కడన్నది తేల్చే రోజున మామ్మ మరీ మరీ చెప్పింది. "ఒడ్డున వద్దు బాబూ. ఈ వారంలోనే గుడ్లు పగుల్తాయి. బడికాడ వెయ్యి." మావేమో ఒడ్డునైతే ఫొటోలు బాగుంటాయన్నాడు. నేనేమన్నానో మీరే చెప్పేశారు.

చీకటి పడుతుండగా, ఒడ్డున రెండు వెదురుకర్రలకు తెల్లగుడ్డ కట్టాం. జనం సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నారు. ముందు వరసల్లో పల్లె పిల్లలు, వెనక పలాస నుంచి వ్యానుల్లో వచ్చిన ఫ్యాక్టరీ కుటుంబాలు. సినిమా మొదలైంది. చక్రాల తాబేలుని చూసి పలాసవాళ్లు చప్పట్లు కొట్టారు. మావ మీసం మెలేశాడు. తాబేలు పిల్ల సముద్రాన్ని వదిలేసి ఫ్యాక్టరీ లైట్లవైపు తిరిగింది. అంతే, పల్లె పిల్లలు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

"అటు కాదు! ఎనక్కి తిరుగు! ఎనక్కి!"

"సచ్చిపోతాది!" అంటూ శైలు బావురుమంది.

తెర మీద తల్లీపిల్లా కౌగిలించుకున్నాయి. తెర ముందు ముప్పై మంది పిల్లలు ఏడుస్తున్నారు. మామ్మ తెరకేసి చూడలేదు, నాకేసి చూసింది.

"దింపుతానన్నావు కదేటి బాబూ."

అంత సిగ్గు నేను జన్మలో పడలేదు. ఇసుకలో గొయ్యి తీసుకుని దూరిపోదామనుకున్నాను. ఇంతలో వెనక వరసలోంచి ఒక కేక. "అమ్మో, కాలి మీద ఏదో పాకతంది!"

చూస్తే ఏముంది? మామ్మ కాపలా కాసిన గుడ్లు పగిలాయి. అరచేతిలో పట్టేంత పిల్లలు, పదులకొద్దీ, సముద్రాన్ని వదిలేసి జనం మధ్యలోంచి నా తెరవైపు పాకి వస్తున్నాయి. అచ్చం నేను గీసినట్టే!

మావ నా వీపు తట్టాడు. "ఒరే, ఇయ్యి కూడా నువ్వే తెప్పించినావేటి? ఎంత బాగా ప్లాన్ సేసినావురా!"

"లైటార్పండి! ఎవుళూ అడుగు తియ్యకండి!" అని అరుస్తూ మామ్మ వెళ్లి ప్రొజెక్టరు తీగ పీకేసింది. రవి ఫోను లైటు వెయ్యబోతే శైలు లాక్కుని ఒళ్లో దాచేసింది.

చిమ్మచీకటి. తొక్కేస్తానేమోనన్న భయంతో మావ ఒంటికాలి మీద నిలబడి, తన బరువంతా నా భుజం మీద వేశాడు. కాసేపటికి కళ్లు అలవాటుపడ్డాయి. సముద్రం మీద సన్నగా నక్షత్రాల వెలుగు. ఒక పిల్ల ఆగింది. మెల్లగా వెనక్కి తిరిగింది. దాని వెనక ఇంకొకటి. లైట్లు లేవు, చక్రాల్లేవు. ఒక్కరంటే ఒక్కరు నిద్రపోలేదు.

"మెల్లగానే నడుత్తన్నాయిరా" అని గుసగుసలాడాడు మావ.

"అవును మావా."

"కుక్కొత్తాదేమోరా?"

"రావచ్చు మావా."

"తల్లి నేదా?"

"లేదు మావా."

ఆఖరి పిల్లను అల వచ్చి తీసుకుపోయింది. మావ ముక్కు ఎగబీల్చాడు. "ఏటీ మార్సకురా" అన్నాడు.

సినిమా మళ్లీ గీశాను. కుక్క తిరిగొచ్చింది, కాకి మళ్లీ దుర్మార్గురాలైంది, తాబేలు సముద్రంలో దిగింది. ఈసారి బడిలోనే వేశాం. అయిపోయాక మామ్మ నా చేతిలో చెయ్యేసింది. అప్పటికి గానీ నాకు అన్నం సహించలేదు.

కాబట్టి మా ఉద్దానం తీరంలోని ఇసుక సాక్షిగా, మావ బరువుకి ఇప్పటికీ సలుపుతున్న నా భుజం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరెన్ని కన్నీళ్లు పెట్టుకున్నా సరే, ఇక ఈ జన్మలో తాబేలుకి చక్రాలు బిగించను. వద్దనాల్సిన చోట సరే అనను.

ఇదంతా మావకు చదివి వినిపించాను. శ్రద్ధగా విని, అరచేయి చాపి, వేలితో ఏదో పక్కకి నెట్టాడు.

"బాగుందిరా. గాని ఆ బరువు మాట తీసీ. నన్ను కొంచెం సన్నంగా సూపింతే ఫ్యామిలీలకి నచ్చుతాది."

"వద్దు మావా" అన్నాను.