ఆ ఆదివారం సరేనన్న మనిషి

దయ్యాల మాట ఎత్తితే నాకు భయం రాదు, చిరాకు వస్తుంది. జీవితమంతా కాన్పులు చేసిన దాన్ని. పిలిస్తే ఏ వేళైనా, ఏ ఊరికైనా బండెక్కి పోయాను. పాడుబడ్డ కొట్టాల్లో పురుళ్ళు పోశాను, శ్మశానం గట్టున నడిచి ఇంటికి వచ్చాను. ఏ దయ్యమూ నాకు ఎదురు రాలేదు. ఎదురైందని చెప్పేవాళ్ళను చూస్తే, పాపం నిద్ర చాలలేదేమో అనుకునేదాన్ని. ఇప్పటికీ అదే అనుకుంటాను.

ఒక్క ఆదివారం సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు. అది చీకట్లో జరిగింది కాదు, పట్టపగలు జరిగింది. అందులో భయపడాల్సింది కూడా పెద్దగా లేదు. ఒళ్ళు మండాల్సిందే చాలా ఉంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి, ఆదోని బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి మారిన కొత్త రోజులవి. నేను ఆదోనిలో ఒక ఆసుపత్రిలో మిడ్‌వైఫ్ ట్రైనింగులో ఉన్నాను. మా ఆయన ఎమ్మిగనూరులో ఒక డిస్పెన్సరీలో కాంపౌండర్ పని నేర్చుకుంటున్నాడు. ఆయన నాకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచేదాన్ని, పెళ్ళయ్యాక కూడా అదే పిలుపు. ఇద్దరం పని నేర్చుకుని ఒకే ఊళ్ళో ఆసుపత్రి ఉద్యోగాలు చేసుకుందామని పెళ్ళయిన కొత్తల్లో అనుకున్నాం. ఆ మాట ముందు అన్నది ఆయనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒక శెట్టిగారి ఇంటి వెనక గది బాడుగకు తీసుకున్నాను. శెట్టిగారి భార్యను అందరూ శెట్టమ్మ అనేవారు. నేనూ అట్లాగే పిలిచేదాన్ని. జిన్నింగు మిల్లు దగ్గర కావడంతో గదిలో ఎప్పుడూ పత్తి నూగు ఎగిరేది. పొద్దున ఊడ్చిన చోట సాయంత్రానికి మళ్ళీ తెల్లగా పేరుకునేది. ఆయన ఎమ్మిగనూరులో ఒక మగ్గాల ఇంటి ముందు గదిలో ఉండేవాడు. ఆదివారం నాకు డ్యూటీ లేకపోతే ఒక వారం ఆయన వచ్చేవాడు, ఇంకో వారం నేను పోయేదాన్ని. అంతే మా కాపురం.

ఇక గాజుల సంగతి చెప్పాలి. వార్డులో కాలు పెట్టాలంటే చేతికి గాజు ఉండకూడదు. చిట్లితే తల్లికో బిడ్డకో గుచ్చుకుంటుంది. గోళ్ళు కత్తిరించుకుని, మోచేతుల దాకా కార్బాలిక్ సబ్బుతో రుద్దుకోవాలి. పాఠాలు అయ్యి వార్డులోకి పోయిన మొదటి రోజే మేట్రనమ్మ నా చేతులు చూసి, తీసేసి రమ్మంది. అవి నా పెళ్ళి గాజులు, ఆకుపచ్చవి. పెళ్ళినాటికి నేను చిన్నపిల్లను కాబట్టి అప్పటికే అవి బిగుసుకుపోయి ఉన్నాయి. సబ్బు రాసి ఒక్కొక్కటే లాగుతుంటే చేతులు గీసుకుపోయాయి. పగలగొట్టడానికి మనసు రాక అన్నిటినీ దారంతో కట్టి ట్రంకు పెట్టెలో దాచుకున్నాను. బిడ్డ బొడ్డు కట్టడానికి మాకు నేర్పిన ముడే వేశాను. చేతికి అప్పుడే అలవాటైన ముడి అది.

ఆ బోడి చేతులే మా అత్తకు కంట్లో నలుసైనాయి. ఆమె ఉండేది తుగ్గలి పక్క పల్లెలో. నేను పండక్కి పోతే ముందు వాకిట్లోనే తలమీద నీళ్ళు పోసేది. దినమూ ఎవరెవరి పురుటి మైలో అంటుకుని వస్తానని పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. "మొగుడు బతికుండంగానే ఆ సేతులేమే? సూసినోళ్ళు ఏమనుకుంటారు?" అని నలుగురి ముందూ అడిగేది.

మొదట్లో మా ఆయన నవ్వి ఊరుకునేవాడు. రానురాను వాళ్ళమ్మ పాట ఆయనా అందుకున్నాడు. ఒక్కడే వండుకుని తినడం ఆయనకు విసుగు పుట్టించింది, డిస్పెన్సరీలో పెద్ద కాంపౌండరు చీవాట్లు పెట్టేవాడు. ఆ కోపమంతా నా ట్రైనింగు మీదికి మళ్ళింది. మానేసి ఎమ్మిగనూరుకు రమ్మనేవాడు. ఇంకొన్ని నెలలు ఓపిక పడితే నా చేతికి సర్టిఫికెట్ వస్తుంది. మధ్యలో వదిలితే మళ్ళీ చేర్చుకునేవాళ్ళు లేరు. వారానికి ఒక పూట కలుసుకుంటే ఆ పూటంతా కొట్లాటే. బస్సెక్కేటప్పుడు ఇద్దరికీ ఏడుపు వచ్చేది, ఇద్దరమూ చెప్పుకునేవాళ్ళం కాదు.

ఆ ఆదివారం నేను తేల్చుకుందామనే బయల్దేరాను. మానేది లేదు, ఇక ఆ మాట ఎత్తొద్దు అని మొహం మీదే చెప్పాలని. ముందటి వారం నాకు డ్యూటీ పడి కలవలేదు. దాంతో వంతు ఎవరిదన్నది తారుమారైంది. నా వంతని నేను ఎమ్మిగనూరు బస్సెక్కాను. తన వంతని ఆయన ఆదోని బస్సెక్కాడు. దారిలో ఎదురు బస్సుకు తోవ ఇవ్వడానికి మా బస్సు చేని గట్టున ఒరిగి నిలబడింది. దుమ్ముకు కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన ఉన్నది ఆ ఎదురు బస్సులోనే.

ఎమ్మిగనూరులో ఆయన గదికి తాళం. మగ్గాల ఇంటి నాగమ్మక్క నన్ను చూసి నోరు తెరిచింది. "నీకోసమే పాయె గదమ్మా ఆయప్ప ఆదోనికి! ఇద్దరికీ ఒకటే తొందర" అని ఎగతాళి చేసింది. నాకు నవ్వు రాలేదు. నా గదికి తాళం చూసి ఆయన వెనక్కి వచ్చేస్తాడులే అని అక్కడే అరుగు మీద కూర్చున్నాను. నాగమ్మక్క రొట్టె పెట్టింది, మజ్జిగ ఇచ్చింది. ఆమె మగ్గానికి నూలు కండెలు చుడుతుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. మధ్యాహ్నమంతా నేను ఆ అరుగు దిగలేదు. ఆయన రాలేదు. ఇక లాభం లేదని బస్సెక్కి పొద్దు గూకే ముందు ఆదోని చేరాను.

నా గదికి తాళం నేను వేసినట్టే ఉంది. తాళంచెవి నా కొంగు ముడిలోనే ఉంది, ఇంకో చెవి లేదు. తలుపు తీస్తే తిరగమోత వాసన కొట్టింది. శెట్టమ్మ వంటింటి వాసన అనుకున్నాను. బాండలి కడిగి బోర్లించి ఉంది, అడుగున ఇంకా తడి ఉంది. కోపంలో అది కూడా పట్టించుకోలేదు. ఇంతలో శెట్టమ్మ వాకిట్లో నుంచి, "ఈ పొద్దు సేతుల నిండా గాజులేసుకుని లక్షణంగా ఉంటివమ్మా. రోజూ అట్లుండరాదా?" అంది. పెద్దామె ఎవరినో చూసి ఎవరో అనుకుంది అనుకున్నాను. తల నొప్పి పుడుతుంటే పడుకున్నాను.

మరునాడు వార్డుకు పోగానే మేట్రనమ్మ పిలిచింది. నిన్న సాయంత్రం నా భర్త తన క్వార్టర్సుకు వచ్చి, నేను ట్రైనింగు మానేస్తున్నానని చెప్పి పోయాడట. "ఆవిడే ఒప్పుకుంది అన్నాడు. ఆ మాట నువ్వు వచ్చి చెప్పకూడదా?" అని కసిరింది. నేను ఒప్పుకోలేదని, అసలు నిన్న ఆయనను చూడనే లేదని చెప్పాను. ఆమె నమ్మలేదు. మొగుడూ పెళ్ళాం ఒక మాట మీదికి రండి, లేదంటే వచ్చే వారం ట్రైనింగులో నీ చోటు ఇంకో అమ్మాయికి ఇస్తాను అంది.

ఆ వారం ఎట్లా గడిచిందో నాకే తెలుసు. ఆయన అబద్ధం ఆడాడని మొదట అనుకున్నాను. తరువాత ఇంకా పాడు ఆలోచన వచ్చింది, మీకూ వచ్చే ఉంటుంది. ఇంకో ఆడమనిషి ఎవరో అని. శెట్టమ్మను నిలదీశాను. ఆమెకు కోపం వచ్చింది. "నీ మొగం నాకు తెలీదా? కరేపాకు అడిగితివి, నా సేత్తోనే ఇస్తి. నీ మొగుడు ఆ మంచం మీద కూసోనుండె. నీ గాజుల సప్పుడు నేను తిరగలి కాడ ఉన్నా ఇనపడె" అంది. నేను ఆ వేళకు ఎమ్మిగనూరులో కండెలు చుడుతున్నానంటే, ఒంట్లో బాగలేదా అని నా నుదురు తాకి చూసింది.

మళ్ళీ ఆదివారం ఆయన వచ్చాడు. నవ్వుకుంటూ వచ్చాడు, అది చూసి నాకు ఇంకా మండింది. వాళ్ళమ్మకు కబురు కూడా పంపించేశాడట. నేను అరిచాను. ఆయన మొదట తమాషా అనుకున్నాడు, తరువాత ఆయనా అరిచాడు. "నువ్వే గదే సరే బావా, మానేస్తా అన్యావు! బొరుగులు నానబెట్టి ఉగ్గాని సేసి పెట్టినావు. ఇంత సంతోషంగా నువ్వు నాతో మాట్లాడి యాడాదాయె. నీ సెయ్యి పట్టుకుంటే గాజు సిట్లె. ఇదో, ఇది యాడిదీ?" అని చొక్కా జేబులో నుంచి చిన్న గాజు ముక్క తీశాడు. ఆకుపచ్చది.

పెట్టె తెరిచాను. గాజులు దారంతో కట్టే ఉన్నాయి. నేను వేసిన ముడే, బొడ్డు కట్టే ముడి. విప్పి ఒక్కొక్కటే చూశాను. ఒక గాజు అంచు విరిగి ఉంది. ఆయన ముక్క దానికి పెడితే సరిగ్గా అతికింది. దాచినప్పుడు అన్నీ మంచిగానే ఉన్నాయి, ఒట్టు పెట్టి చెప్పగలను.

ఆయన గెలిచినట్టు చూశాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, ఆ వెంటనే మొండితనం వచ్చింది. చెయ్యి చాపి, "నేనే ఏసుకున్యానంటావు గదా. ఏదీ, నీ సేత్తో ఎయ్యి సూద్దాం" అన్నాను.

మంచి గాజు ఒకటి తీసి ఆయన వేయబోయాడు. వేళ్ళు దాటి కణుపుల దగ్గర ఆగిపోయింది. నా చేతులు అప్పటికి ఆ పెళ్ళికూతురి చేతులు కావు. ఎముక పెరిగింది, కార్బాలిక్ నీళ్ళకు చర్మం మొద్దుబారింది. సబ్బు తెచ్చి రాశాడు. శెట్టమ్మను పిలిచాడు. ఆమె చెయ్యి నలిపి, బొటనవేలు లోపలికి మడిచి, గాజుల మనిషి పట్టే పట్లన్నీ పట్టింది. నొప్పికి నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గాజు మాత్రం ఎక్కలేదు. ఒక్కటి కూడా ఎక్కలేదు.

శెట్టమ్మ ఆ చెయ్యి వదిలేసి గబగబా తన ఇంట్లోకి పోయింది. ఆయన మంచం మీద కూర్చుని నా చేతినే చూస్తూ ఉండిపోయాడు. "మరి ఆ మనిషి ఎవరు?" అన్నాడు. నన్ను అడుగుతాడేంటి అని అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది.

ఆ సాయంత్రం ఆయనే మేట్రనమ్మ దగ్గరికి పోయి, పొరపాటు తనదేనని, తన భార్య ట్రైనింగు మానదని చెప్పాడు. నేను పూర్తి చేశాను. ఆయనా చేశాడు. ఎమ్మిగనూరులోనే ఇద్దరం ఉద్యోగాలు చేశాం, పిల్లలను పెంచాం. మానెయ్యి అన్న మాట ఆయన నోట మళ్ళీ రాలేదు. బయటివాళ్ళు మమ్మల్ని చూసి మంచి జంట అనేవారు. అబద్ధమేమీ కాదు.

కానీ ఎప్పుడైనా నేను ఉగ్గాని చేస్తే ఆయన తింటూ తింటూ ఆగేవాడు. బాగుందనేవాడు. ఆ తరువాత నా బోడి చేతుల వైపు చూసేవాడు. ఏమి వెతుకుతున్నాడో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. తనతో అంత సంతోషంగా మాట్లాడిన మనిషి నేను కాదు. ఆ ఒక్క పూటకు నేను ఎన్నేళ్ళు కాపురం చేసినా సాటి రాలేదేమో అనిపించి, పళ్ళెం ఎత్తేసేదాన్ని.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. పదో రోజున ఆడవాళ్ళు ఆచారం ప్రకారం నా గాజులు తీయడానికి వచ్చారు. తీయడానికి నా చేతులకు ఏమీ లేవు. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా నేను వేసుకోలేదు, అలవాటు తప్పిపోయింది. కనీసం పెళ్ళి గాజులైనా పక్కన పెడదామని ఎవరో అంటే ట్రంకు పెట్టె తెరిచాను.

గాజులన్నీ చిట్లి ఉన్నాయి. ఒక్కటీ మిగల్లేదు. దారం మాత్రం ఆనాడు నేను మళ్ళీ కట్టినట్టే ఉంది, ముడి విప్పలేదు.

ఇంట్లో సామాను అటూ ఇటూ జరిపినప్పుడు పెట్టె అదిరి ఉంటుందని మా కోడలు అంటుంది. అయ్యుండచ్చు. కానీ ఆ ఆదివారం నా మొగుడికి వండి పెట్టి, సరే బావా అన్నది ఎవరో నాకు తెలియదు. ఆయన పోయాక ఆయన కోసం గాజులు పోగొట్టుకున్నది కూడా నేను కాదు, ఆమే.